మీకు తెలుసా? విశాఖ ఆటల్లో మేటి ఎవరు?

విశాఖ జిల్లా పద్మనాభంలో టీకొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే ముందు క్రికెట్టే వస్తుంది. 2005లో భారత వన్డే జట్టులోకి వెళ్లిన వేణుగోపాలరావు, 2023లో నాగపూర్‌లో తొలి టెస్టు ఆడిన కోన శ్రీకర్ భరత్. గట్టి పేర్లే, కాదనను. "మరి మల్లీశ్వరో?" అంటారొకరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన ఆమె ఊసవానిపేట ఆడపడుచు. శ్రీకాకుళం వాళ్లు వదులుతారా?

విజయనగరం సంస్థానపు విజ్జీ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్ ఆయన.

నా ఓటు జ్యోతి యర్రాజీకే. సెక్యూరిటీ గార్డు కూతురు. ఆమె పరుగెత్తే 100 మీటర్ల హర్డిల్స్ అంటే పది అడ్డుకంచెలు, ఒక్కోదానికీ నడుమ 8.5 మీటర్లు, అందులో మూడే అంగలు. 2002 నాటి జాతీయ రికార్డును 2022లో ఆమే చెరిపింది. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో చైనా అమ్మాయి వు యన్ని తుపాకీ మోగకముందే కదిలింది. వేటు జ్యోతి మీదా పడబోయింది. జ్యోతి కదల్లేదు, అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. 12.91 సెకన్లు, మూడో స్థానం. తర్వాత వు మీద వేటు పడి, కంచు కాస్తా వెండి అయింది.