పల్లీపట్టీతోనూ ప్రాణాపాయం!

బోధన్: చెరకు సీమలో బెల్లం పాకంతో చేసిన పల్లీపట్టీ, నువ్వుల లడ్డు ఇష్టపడని పిల్లలు అరుదు. శక్కర్‌నగర్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా ఈ రుచులు నిలిచే ఉన్నాయి. అయితే తీవ్ర ఆహార అలర్జీ ఉన్న పిల్లలకు ఇవే గండంగా మారవచ్చు.

పల్లీ, గుడ్డు, పాలలోని మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించడమే దీనికి మూలం. తిన్న కొద్ది నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు మొదలవుతాయి. ముదిరితే ఊపిరాడదు, స్పృహ తప్పుతుంది. ‘కొంచెం తింటే అదే అలవాటవుతుంది’ అంటూ నానమ్మ ప్రేమగా పెట్టే ముద్దే ఒక్కోసారి కొంప ముంచుతుంది.

2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పల్లీ, పాలు, గుడ్లు, సోయా వంటివి ఉంటే ప్యాకెట్‌పై తెలపాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 నుంచి వాటినీ చేర్చారు. మన సంక్రాంతి సకినాలకు నువ్వులే ప్రాణం మరి! తూచి అమ్మే మిఠాయికైతే లేబులే ఉండదు; అడిగి తెలుసుకోవాల్సిందే. అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు కనుక టీచరుకు ముందే రాసివ్వడం మేలు.

ఊపిరాడనప్పుడు అలర్జీ మాత్రతో కాలయాపన తగదు. తొడ కండరానికి వేసే అడ్రినలిన్ ఇంజెక్షనే తొలి మందు. విదేశాల్లో తల్లిదండ్రులు వెంట ఉంచుకునే పెన్ను వంటి ఇంజెక్షన్ ఇక్కడ సులువుగా దొరకదు. అందుకే ఏం చేయాలో వైద్యుని వద్ద ముందే రాయించుకోవాలి. బిడ్డను నడిపించకుండా 108కు ఫోన్ చేసి, నిజామాబాద్ చేరేదాకా ఆగక దగ్గరి ఆస్పత్రిలోనే ఇంజెక్షన్ వేయించాలి. తేరుకున్నా కొన్ని గంటలు అక్కడే ఉంచాలి, లక్షణాలు తిరగబెట్టవచ్చు.