జగిత్యాల కోట – కంటికందని నక్షత్రము

జగిత్యాల పట్టణమునకు ఉత్తరమున ఉన్న ఖిల్లాను చూడవచ్చిన వారిలో పెక్కుమంది ద్వారము ముందు నిలిచి ఫొటో తీయించుకొందురు. ఆ ఫొటోలో మనిషి ఉండును, గోడ ఉండును, పైన కొంత ఆకాశము ఉండును. కోట మాత్రము ఉండదు. ఈ మాట వింతగా తోచవచ్చును. కాని ఈ కోట గొప్పతనమెల్ల దాని ఆకారమునందే కలదు. ఆ ఆకారము నక్షత్రము. నేలమీద నిలిచిన వానికి అది కనబడదు.

ఈ కోటను 1747లో జఫరుద్దౌలా కొరకు ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరని గ్రంథములు చెప్పుచున్నవి. గోలకొండ, ఎలగందుల కోటలు కొండలనెక్కి కూర్చున్నవి. శత్రువునకు సగము అడ్డు ఆ కొండయే. జగిత్యాల కోటకు అట్టి అండ లేదు. అది చదునైన నేలపై వెలసినది. కొండ చేయవలసిన పనిని ఇచ్చట క్షేత్రగణితము చేసినది.

అది ఎట్లనగా, గుండ్రని బురుజు మీది సిపాయికి సరిగా దాని పాదమున నక్కిన శత్రువు కానరాడు. బురుజును కోణముగా మలచి ముందుకు సాగదీసినచో, ఒక కోణము ముఖమును ప్రక్క కోణము మీది ఫిరంగి కాచుకొనును. దాగుటకు చోటు మిగులదు. ఫిరంగుల దెబ్బకు ఎత్తైన పలుచని గోడలు కూలిపోవుచుండగా ఇటలీ దేశమున పుట్టిన ఈ పద్ధతిని, పదునేడవ శతాబ్దమున పదునాలుగవ లూయీ కొలువులోని వోబాన్ అను ఇంజనీరు ఫ్రాన్సున పరిపూర్ణము చేసెను. ఆ విద్య జగిత్యాల మట్టిమీద నిలిచియున్నది.

కావున ఈ కోటను ఫొటో తీయగోరువారు ద్వారమును విడిచి, కందకము వెంబడి చుట్టి రావలెను. రెండు గోడలు కలియు ప్రతి మూలను తీయవలెను. గోడ ఎత్తు తెలియుటకు ఒక మనిషినో, ఒక కొలబద్దనో ప్రక్కన నిలుపవలెను. అన్ని మూలలను వరుసగా పేర్చి చూచినప్పుడు గాని నక్షత్రము పొడకట్టదు. నేడు డ్రోను ఆ పనిని క్షణములో చేయగలదు. కాని రాతి అతుకులను, సున్నపు పూతను, ఫిరంగి మీది గీతలను దగ్గరకు పోయిన కన్నే పట్టుకొనగలదు.

వెలుతురును గూర్చి ఒక మాట. నడిమింటి ఎండలో రాతిమీది చెక్కడము చదునుగా కనబడును. ఉదయమున, సాయంకాలమున ఏటవాలుగా పడు వెలుగులో ప్రతి గాటునకు ఒక నీడ ఏర్పడి అక్షరము లేచి నిలుచును. కరీంనగరు నుండి జగిత్యాలకు వచ్చు త్రోవలో, గంగాధర మండలమున కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట కలదు. వేములవాడ చాళుక్యుల కాలమున, సుమారు 945లో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అచ్చట మూడు భాషలలో శాసనము వేయించెను. అందులోని మూడు తెలుగు కందపద్యములు మన పద్యకవితకు దొరికిన తొలి సాక్ష్యములలోనివి. ఎండకు, వానకు అరుగుచున్న అట్టి అక్షరములకు మంచి ఛాయాచిత్రము రెండవ ఆయువు.

కోటకును ఇట్టి సాక్ష్యము అవసరమే. జాక్, టాల్ అను ఇద్దరు ఇంజనీర్ల పేర్లు కలిసి జగిత్యాల అయినదని జనశ్రుతి. వినుటకు ఇంపుగా ఉన్నది. కాని జనశ్రుతి వేరు, చరిత్ర వేరు. సంవత్సరమును గూర్చియు విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. బుస్సీ సేనతో వచ్చి నైజాము దర్బారున ఫ్రెంచివారి పలుకుబడిని నాటినది 1751లో. అంతకు నాలుగేండ్ల ముందే ఇచ్చట ఫ్రెంచి ఇంజనీర్లు కోట కట్టిరా? ఒంటరిగా వచ్చి దేశీయ ప్రభువుల కొలువు చేసిన ఐరోపావారు లేకపోలేదు. ఈ చిక్కును విప్పవలసినవి కాగితములు, కట్టడము. అరిగిపోకముందే కట్టడమును ఫొటోలలో భద్రపరచుట అందుకే.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్, అంతకు పూర్వము మధ్యభారతమందలి ప్రాచీన కట్టడములను చిత్రించెను. ఆ చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి. నాడు ఏ రాయి ఎచ్చట ఉన్నదో నేటివారు వానిలో చూచి తెలిసికొనవచ్చును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడులలోని ఉపాధ్యాయులు ఒక ఆదివారము పిల్లలను ఈ ఖిల్లాకు తీసికొనిపోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మూలను అప్పగించవచ్చును. ఫొటో తీసిన తేది, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు వ్రాసి బడిలో దాచవలెను. మరుసటి యేడు మరియొక తరగతి అదే చోట నిలిచి అదే మూలను తీయవలెను. రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టినప్పుడు ఏ రాయి కదలినదో, ఏ గోడను రావిమొక్క చీల్చుచున్నదో పిల్లలే చెప్పగలరు.