పుంగనూరు ఆవు – వంశ వైవిధ్యమే కరవునకు కంచుకోట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములు సముద్ర మట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న మెట్ట భూములు. ఇచ్చట వేరుశనగ, రాగి, ఉలవ మొదలగు పైరులు వానపై ఆధారపడినవి. పంట పోయిన యేట పాడియే సంసారమును గట్టెక్కించును. కాని ఇటీవల ఎండల తీవ్రత హెచ్చుచున్నది, వానలు అదను తప్పుచున్నవి. మేత, నీరు కరవైన యేట తట్టుకొని నిలువగల పశువు ఏది? ఈ ప్రశ్నకు జవాబు మన దొడ్డిలోనే కలదు.

ఎండను ఎట్లు ఓర్చును?

పుంగనూరు జాతి ప్రపంచములోని మిక్కిలి పొట్టి మూపురపు పశువులలో నొకటి. ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు, బరువు సుమారు 115 నుండి 200 కిలోలు. శరీరము చిన్నదగుటచే మేత, నీరు కొద్దిగా చాలును. వదులైన చర్మము, నున్నని పొట్టి వెంట్రుకలు, చెమటపట్టు గుణము వేడిని బయటకు పంపుటకు తోడ్పడును. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము హెచ్చుగా నున్న ఆవులు అదే ఎండలో రొప్పును, మేత తగ్గించును, పాలు తగ్గును, సకాలములో ఎదకు రావు. పిడుదుల వలన వచ్చు జ్వరములకును అవి త్వరగా లోనగును.

మన పశువుల ఈ గుణమును పరదేశములును గుర్తించినవి. బ్రెజిల్ చేరిన ఒంగోలు పశువులు అచ్చటి ఉష్ణమునకు తట్టుకొని, నెలోర్ అను పేర ఆ దేశమంతటను వ్యాపించినవి.

అయితే అతిశయోక్తులు నమ్మరాదు. పుంగనూరు ఆవు ఒక ఈతలో ఇచ్చు పాలు సగటున 500 కిలోలకు కొంచెము పైన మాత్రమే. సంకర జాతి ఆవు ఇంతకు కొన్ని రెట్లు ఇచ్చును. నీటి వసతి, పచ్చిమేత, పాల కేంద్రము అందుబాటులో నున్న రైతు సంకర జాతిని విడువనక్కరలేదు. మెట్ట రైతు మాత్రము తన పాడియంతయు ఒకే రకము పశువుపై నిలుపుట క్షేమము కాదు.

ఒకే ఆంబోతు వలన కీడు

తల్లిదండ్రుల నుండి సంతతికి సంక్రమించు గుణబీజములను జన్యువులందురు. ఒక ఆవు వేడికి, మరియొకటి రోగమునకు, వేరొకటి కరవు మేతకు ఓర్చవచ్చును. మందలో ఇట్టి గుణములు ఎన్ని రకములుగా నున్న, రాబోవు కాలమునకు తగిన దానిని ఎన్నుకొనుటకు అంత వీలుండును. విత్తనములన్నియు ఒకే గింజ నుండి వచ్చినచో ఒక తెగులుకే పైరంతయు పోవును గదా!

50 ఆవులకు ఒకే ఆంబోతును వాడినచో, ఆ మంద జన్యుబలము లెక్క ప్రకారము 4 పశువుల మందతో సమానము. 5 ఆంబోతులను వాడిన 18కి, 17 ఆంబోతులను వాడిన 50కి పెరుగును. ఆంబోతును దాని కూతురికే దాటించిన పుట్టు దూడలో, జన్యువుల జతలలో సగటున నూటికి 25 పాళ్లు ఒకే మూలమునకు చెందినవగును. దాగియున్న లోపములు బయటపడుట, దూడలు బలహీనమగుట, చూలు నిలువకపోవుట దీని ఫలములు.

నేడు పుంగనూరు ఆవునకు పట్టణములలో గిరాకీ పెరిగినది. మరీ పొట్టి దూడలకే ధర పలుకుటచే కొందరు కొద్దిపాటి ఆంబోతులనే మరల మరల వాడుచున్నారు. పొట్టితనమొక్కటే జాతి గుణము కాదు. ఆరోగ్యము, చూలు నిలుచుట, పాలు, ఓర్పు కూడ చూడవలెను.

రైతులు, గ్రామాధికారులు చేయవలసిన పనులు

1. మేలైన పుంగనూరు ఆవు ఎదకు వచ్చినపుడు జెర్సీ వీర్యము వేయింపక, అదే జాతి ఆంబోతుతో గాని వీర్యముతో గాని కట్టింపవలెను. సంకర ఆవులలో పరదేశపు రక్తము సగమునకు మించకుండ చూచుట మెట్ట ప్రాంతమునకు మేలు.

2. ఆంబోతును రెండు, మూడేండ్లకొకసారి, దాని కూతుళ్లు ఎదకు రాకమునుపే, వేరొక ఊరి ఆంబోతుతో మార్చుకొనవలెను. నలుగురైదుగురు రైతులు కలిసి ఏర్పాటు చేసికొనిన ఖర్చు తగ్గును.

3. చెవి పోగుపై నున్న 12 అంకెల సంఖ్యతోపాటు తండ్రి, తల్లి సంఖ్యలు కూడ పుస్తకమున వ్రాయవలెను. గ్రామాధికారులు ఊరిలోని ఆంబోతుల జాబితా నుంచినచో దగ్గరి చుట్టరికపు దాటింపులు తప్పును.

4. దూడల ఎత్తుతోపాటు, ఆవు ఎన్ని నెలలకొకసారి ఈనినది, వేసవిలో పాలెంత తగ్గినవి అనునవి కూడ గుర్తించి, నిలిచిన వాటి సంతతినే ఎన్నుకొనవలెను.

5. జాతి నిర్ధారణ, వీర్యము, సలహాలకై పశువైద్యుని గాని, పలమనేరులోని పశు పరిశోధనా స్థానమును గాని సంప్రతింపవచ్చును.

ప్రపంచ దేశములు 2007 లో స్విట్జర్లాండులోని ఇంటర్‌లాకెన్ నగరమున సమావేశమై, పశువుల జన్యు సంపదను కాపాడుటకు ఒక కార్యప్రణాళిక నంగీకరించినవి. ఆ సంపదను నిజముగా కాపాడవలసినది దొడ్డిలో రైతే. ఒక వంశము అంతరించిన పిమ్మట ధనము పోసినను తిరిగి రాదు. మీ ఊరిలో నేడు ఎన్ని పుంగనూరు ఆంబోతులు కలవో, అవి ఏ వంశమునకు చెందినవో మొదట లెక్కించుడు. తక్కిన పనులన్నిటికి అదియే పునాది.