పైపులైన్లకు కాపలా, కాపలాకు పరీక్ష

2014 జూన్ 27, శుక్రవారం. కోనసీమలోని నగరం గ్రామం అప్పుడే నిద్ర లేస్తోంది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసుకెళ్లే గెయిల్ సంస్థ 18 అంగుళాల పైపు అప్పటికే కారుతోంది. గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకుంది. నిప్పు తగిలింది. క్షణాల్లో మంటలు ఊరిని చుట్టుముట్టాయి. మనుషులతో పాటు పశువులు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతకుముందు నుంచే గ్యాస్ వాసన వస్తోందని మొత్తుకున్నా పట్టించుకున్నవారు లేరని ఊరివాళ్లు కన్నీళ్లతో చెప్పారు.

ఈ ఘోరానికి మూలం తుప్పు. ఆ పైపు పొడి గ్యాస్ కోసం వేసినది. అందులో తేమతో, ద్రవాలతో కూడిన తడి గ్యాస్ పోయింది. ఆ తేమ ఇనుమును లోలోపల తినేసింది.

నిజానికి నియమాలు అప్పటికే ఉన్నాయి. 2006 నాటి చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఏర్పడింది. పైపు మందం ఎంత ఉండాలి, ఎంత లోతున పాతాలి, ఎలా పరీక్షించాలి అన్న ప్రమాణాలు 2009లో వచ్చాయి. పైపు ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలనే నిబంధనలు 2012లో వచ్చాయి. అవన్నీ ఉండగానే నగరం కాలిపోయింది. కాగితం మీది నియమాన్ని పొలంలోని పైపు దాకా తీసుకెళ్లి సరిచూసే మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న.

దమ్మపేట రైతుకు ఇది దూరపు ముచ్చట కాదు. భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలను కలిపి ఒకే ప్రాంతంగా చేసి, ఇళ్లకూ వాహనాలకూ గ్యాస్ సరఫరా చేసే హక్కు కోసం మండలి 2018లో బిడ్లు పిలిచింది. ఆ ప్రాంతంలోనే దమ్మపేట ఉంది. పెద్ద పైపులైను ఒక చేను గుండా వెళ్తే 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమి రైతుదే, పైపు పోయే పట్టీని వాడుకునే హక్కు మాత్రం పైపులైను సంస్థది. అందుకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టానికి వేరేగా పరిహారం ఇస్తారు. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పామాయిల్ తోటలే బతుకుదెరువైన చోట ఈ చివరి మాట బరువైనది.

మరి ఆ పైపును తనిఖీ చేసే రాష్ట్ర అధికారి ఎవరు? ఎవరూ లేరు. సహజవాయువుపై చట్టం చేసే అధికారం కేంద్రానిదేనని, గుజరాత్ చేసుకున్న గ్యాస్ చట్టం విషయంలో సుప్రీంకోర్టు 2004లో తేల్చిచెప్పింది. మండలి ఉండేది ఢిల్లీలో. పైపుల పరీక్ష ఎక్కువగా కంపెనీల చేతిలో, అవి పిలిచే తనిఖీ సంస్థల చేతిలో ఉంటుంది. ప్రమాదం జరిగాక మాత్రం పరుగెత్తాల్సింది జిల్లా కలెక్టరు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది.

అమెరికా మరో దారి పట్టింది. అక్కడ 1968 నుంచి గ్యాస్ పైపులైన్ల భద్రతకు కేంద్ర చట్టం ఉంది. రాష్ట్రం లోపలే ఉండే పైపులను ఆ రాష్ట్రమే తనిఖీ చేసుకోవచ్చు. అయితే కేంద్ర ప్రమాణాలను తన చట్టంగా చేసుకోవాలి, ఆ పని చేస్తున్నామని ఏటా ధ్రువీకరణ ఇవ్వాలి. కేంద్ర సంస్థ వచ్చి రికార్డులు చూస్తుంది, ఇన్‌స్పెక్టర్ల పనితీరును అంచనా వేస్తుంది. ఖర్చులో 80 శాతం దాకా గ్రాంటుగా ఇవ్వవచ్చు. రాష్ట్రం పని సరిగా లేకపోతే ధ్రువీకరణను తిరస్కరించి బాధ్యతను తానే తీసుకోవచ్చు.

ఆ ఏర్పాటూ ఒకసారి ఘోరంగా తప్పింది. 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో 1956 నాటి పైపు పేలింది. 8 మంది చనిపోయారు, 38 ఇళ్లు నేలమట్టమయ్యాయి, గ్యాస్‌ను ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. దర్యాప్తు సంస్థ ఆ పైపు కంపెనీని తప్పుపట్టి ఊరుకోలేదు. కంపెనీ లోపాలను పసిగట్టలేని రాష్ట్ర కమిషన్‌నూ, ఆ కమిషన్‌పై సరైన నిఘా పెట్టని కేంద్రాన్నీ తప్పుపట్టింది. 2015లో కంపెనీపై 160 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

నగరం ప్రమాదం తర్వాత మనకు కావలసింది అలాంటి అంచెలంచెల బాధ్యతే. చట్టం కేంద్రానిదే కావచ్చు, కానీ శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టరు జిల్లాలో ఉండాలి. అతని పనిని ఏటా పైవాళ్లు పరీక్షించాలి. ఆ నివేదిక తెలుగులో గ్రామ పంచాయతీకి అందాలి. ఇందుకు కేంద్రం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి కూర్చోవాలి.

అందాకా పాఠకులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పైపులైను దారిలో బుసకొట్టే శబ్దం వినిపించినా, నీళ్లలో బుడగలు లేచినా, గ్యాస్ వాసన వచ్చినా అగ్గిపుల్ల గీయకండి, మోటారు స్విచ్ ముట్టుకోకండి. గాలి వీచే వైపుకు ఎదురుగా దూరం జరిగి, పైపులైను హెచ్చరిక బోర్డు మీది నంబరుకూ 112కూ ఫోన్ చేయండి. ఎవరూ రాకపోతే మళ్లీ మళ్లీ చేయండి.