ఇరవైనాలుగో కన్నం ఎక్కడికి పోయింది?

మీ బడి కంప్యూటరు గదిలోనో, బ్యాంకులోనో ఒక చదునైన పెట్టె మీ కంటబడే ఉంటుంది. ముందువైపు వరసగా 24 కన్నాలు. కొన్నిటిలో తీగలు దూర్చి ఉంటాయి. వాటి పక్కన చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. ఆ పెట్టె పేరు స్విచ్చి. మన ఇంట్లో గోడమీది స్విచ్చికీ దీనికీ చుట్టరికం పేరులోనే! ఒక కంప్యూటరు పంపిన సమాచారాన్ని అందుకొని, అది ఎవరికి చేరాలో వాళ్ళ తీగలోకి పంపటం దీని పని. ఆ కన్నాలను పోర్టులంటారు.

ఒక బడిలో ఇలాంటి పెట్టె ఒక్కటే ఉందనుకుందాం. పిల్లల కంప్యూటర్లూ, మార్కుల జాబితాలుండే ఆఫీసు కంప్యూటర్లూ అన్నీ దానికే కలిపారు. మరి పిల్లల గదికీ ఆఫీసుకీ మధ్య అడ్డు ఉన్నట్టా, లేనట్టా? తీగల వెంట వేలు పెట్టి ఎంత వెతికినా మీకు జవాబు దొరకదు. ఎందుకో చూద్దాం.

కంప్యూటర్లు అప్పుడప్పుడు దండోరా వేస్తాయి. "ఫలానా చిరునామా ఎవరిది?" అని ఒకటి అడుగుతుంది. స్విచ్చి ఆ కేకను అన్ని పోర్టులకూ వినిపిస్తుంది. పది కంప్యూటర్లుంటే ఫరవాలేదు. వేలకొద్దీ ఉంటే ఊరంతా డప్పుల మోతే! పైగా ఒకరి కబురు అక్కర్లేనివాళ్ళ చెవిన పడుతుంది.

దీనికి 1980లలో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో డేవిడ్ సింకోస్కీ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి సమాచారపు పొట్లానికీ ఒక గుర్తు చీటీ అంటించాలి. ఎర్ర చీటీ పొట్లం ఎర్ర వీధిలోనే, పచ్చ చీటీది పచ్చ వీధిలోనే తిరగాలి. తీగలూ పెట్టే అవే. వీధులు మాత్రం వేరు. ఒక్కో వీధినీ వర్చువల్ లాన్, పొట్టిగా వీలాన్ అంటారు. 1998లో ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థ ఆ చీటీ కొలతలను ఖాయం చేసింది. చీటీ మొత్తం 4 బైట్లు. అందులో రంగు ఉండదు లెండి, అంకె ఉంటుంది. దానికి 12 బిట్లు కేటాయించారు. రెండుని పన్నెండుసార్లు వేసి గుణిస్తే 4096. మొదటిదీ చివరిదీ వాడకూడదు కనుక మిగిలేవి 4094 వీధులు.

ఈ వీధుల పటం స్విచ్చి జ్ఞాపకంలో ఉంటుంది. అందుకే బయటికి కనబడదు. చూడాలంటే స్విచ్చినే అడగాలి. ఒక కంప్యూటరును కన్సోలు తీగతో దానికి కలిపి, సిస్కో కంపెనీ స్విచ్చి అయితే "షో వీలాన్ బ్రీఫ్" అని కొట్టాలి. ఇతర కంపెనీల మాటలు కొంచెం తేడాగా ఉంటాయి. "షో" అంటే చూపించమనటమే. దానివల్ల ఏదీ మారదు. అయినా మాస్టారి అనుమతి లేనిదే ముట్టుకోకండి!

మనం అనుకున్న బడిలో తెరమీద ఇలా వచ్చిందనుకోండి:

1 – డిఫాల్ట్ – యాక్టివ్ – 21, 22, 23
10 – పిల్లలు – యాక్టివ్ – 1 నుంచి 12, 17
20 – ఆఫీసు – యాక్టివ్ – 13 నుంచి 16, 18 నుంచి 20

ముందు వీధి నంబరు, తరవాత పేరు, స్థితి, చివర పోర్టులు. ఏ వీధీ కేటాయించని పోర్టులు 1లో ఉంటాయి. "యాక్టివ్" అంటే వీధి పనిచేస్తోందని. ఆ పోర్టుల్లో తీగలున్నాయని కాదు. పెద్దవాళ్ళు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

ఈ పట్టికలో రెండు వింతలున్నాయి. పట్టుకోండి చూద్దాం!

మొదటిది 17. ఆఫీసు పోర్టుల మధ్య ఉండి కూడా పిల్లల వీధిలో చేరింది. గుమాస్తాగారు కొత్త కంప్యూటరు తెచ్చి అందులో తగిలిస్తే ఆఫీసు ప్రింటరు ఆయనకు దొరకదు. అంతకన్నా ముప్పు, ఆయన యంత్రం వేసే దండోరాలన్నీ పిల్లల గదిలో వినబడతాయి. తీగ బాగానే ఉంటుంది, దీపమూ వెలుగుతుంది. తప్పు పట్టికలో తప్ప ఇంకెక్కడా కనబడదు.

రెండోది 24. అసలు జాబితాలోనే లేదు! చెడిపోయిందా? కాదు. అది మేడమీద ఉన్న రెండో స్విచ్చికి వెళ్ళే తీగ. అన్ని వీధుల పొట్లాలూ చీటీలతో సహా అందులోంచే పోతాయి. ఒక వీధికి చెందనిది కనుక ఏ వరసలోనూ చేరలేదు. అలాంటి పోర్టును ట్రంకు అంటారు. దాని సంగతి తెలియాలంటే "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" అని విడిగా అడగాలి.

ఒక మాట మిగిలింది. వీధులు వేరైనా, రెంటినీ కలిపే రూటరు అనే యంత్రం ఉంటే ఒక వీధి నుంచి మరో వీధికి కబురు వెళ్ళవచ్చు. ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో ఆ రూటరులో రాసి ఉంటుంది. ఈ పట్టికలో ఉండదు. కాబట్టి పూర్తి జవాబు కావాలంటే అదీ చూడాలి.

మాస్టారు 17ను 20వ వీధికి మార్చారనుకోండి. తీగ కదిలించనక్కరలేదు. మళ్ళీ "షో వీలాన్ బ్రీఫ్" కొట్టి చూడండి. ఆఫీసు వరసలో 13 నుంచి 20 దాకా అన్నీ ఉంటాయి. 24 మాత్రం ఇప్పుడూ కనబడదు.