వంజంగి కొండ ఎక్కుతున్నారా? ఆయాసం సంగతి తెలుసుకోండి

చలికాలం వచ్చిందంటే చాలు, మనవాళ్లు పాడేరు దారి పడుతున్నారు. పాడేరుకు దగ్గరలో వంజంగి అనే చిన్న గిరిజన గ్రామం ఉంది. ఆ ఊరి పైనున్న కొండ శిఖరం నుంచి చూస్తే లోయ నిండా మేఘాలు పాలకుండ పొంగినట్టు కనిపిస్తాయి. సెల్‌ఫోన్లలో ఆ ఫోటోలు చూసి, జీవితంలో ఎప్పుడూ కొండ ఎక్కనివారు కూడా బయలుదేరుతున్నారు. వెళ్లవద్దని నేను చెప్పను. నేనూ వెళ్లాను, కళ్లారా చూశాను. అయితే వెళ్లేముందు కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది. అక్కడి తేమ పొగమంచుగా మారి నిలిచిపోతుంది. ఎండ ముదిరితే అది విడిపోతుంది. అందుకే అందరూ సూర్యోదయానికి ముందే పైకి చేరాలనుకుంటారు. విశాఖపట్నం నుంచి పాడేరుకు వంద కిలోమీటర్లకు పైనే. అంటే అర్ధరాత్రి బయలుదేరాలి. నిద్ర ఉండదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కొందరికి వాంతులు అవుతాయి. ఖాళీ కడుపుతో, చలిలో, చీకట్లో ఎక్కడం మొదలుపెడతారు. కొండ కంటే ఈ ప్రయాణమే మనిషిని సగం నీరసింపజేస్తుంది.

కొన్నేళ్ల క్రితం డిసెంబరులో ఒక మధ్యాహ్నం యాభై దాటిన ఒకాయనను మా క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. తెల్లవారుజామున కొండ సగం ఎక్కేసరికి ఆయాసం, ఛాతీలో బరువు మొదలయ్యాయట. "పైన ఆక్సిజన్ తక్కువ కదా, అందుకే" అని పక్కనున్నవారు ధైర్యం చెప్పారు. సోడా తాగించారు, గ్యాసు మాత్ర వేశారు. ఆయన అలాగే శిఖరం దాకా ఎక్కి, ఫోటో దిగి, తన కాళ్లతోనే కిందికి వచ్చారు. "నాన్నకు గ్యాసు పట్టేసిందండి, సిస్టరమ్మా" అన్నాడు కొడుకు. ఇ.సి.జి. తీస్తే గుండెపోటు. అప్పటికే ఏడెనిమిది గంటలు గడిచాయి. పెద్దాసుపత్రికి పంపించాము. ప్రాణం దక్కింది గాని, గుండె కండరం కొంత శాశ్వతంగా దెబ్బతింది. ఇప్పుడు ఆయన ఒక అంతస్తు మెట్లు ఎక్కాలన్నా మధ్యలో ఆగాలి.

ఆ "ఆక్సిజన్ తక్కువ" అన్న మాటే ఆయనను మోసం చేసింది. వంజంగి శిఖరం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 3,400 అడుగులు. అరకులోయ సుమారు 3,000 అడుగులు. అరకులో మీరు హాయిగా తిరిగి, బొంగు చికెన్ తిని రాలేదా? అక్కడ లేని ఆక్సిజన్ కొరత ఇక్కడ ఎక్కడి నుంచి వస్తుంది? ఎత్తుకు పోవడం వలన వచ్చే జబ్బు సాధారణంగా 8,000 అడుగులు దాటాక మొదలవుతుంది. అది 11,000 అడుగుల పైనున్న లేహ్ వంటి చోట్లకు వెళ్లేవారి సమస్య. మన తూర్పు కనుమల్లో ఎక్కడా అంత ఎత్తు లేదు. కనుక ఇక్కడ మీకు ఆయాసం వస్తే కొండను నిందించకండి. అది మీ కాళ్లు, ఊపిరితిత్తులు, గుండె, రక్తం చెప్పే మాట.

ఎక్కుతున్నప్పుడు రొప్పు రావడం సహజమే. పరీక్ష సులువు. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరిగా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. ఆగి కూర్చుంటే ఐదు నిమిషాల్లో ఊపిరి కుదుటపడాలి. కుదుటపడకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చలిలో కూడా చెమటలు పోసినా ఇక ఒక్క అడుగు ముందుకు వేయవద్దు. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు. వికారం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, తెల్లవారుజామున బి.పి. సహజంగానే పెరుగుతుంది. ఆ రెండింటికీ ఎక్కే శ్రమ తోడవుతుంది.

అటువంటప్పుడు మనిషిని నడిపించకండి. కూర్చోబెట్టి, కప్పి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఒకరు కిందికి పరుగెత్తాలి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు కాకపోతే ఒక ఆస్పిరిన్ మాత్ర నమిలించవచ్చు. అంబులెన్సు శిఖరం దాకా రాదు. మోసుకుని దింపవలసిందే. అక్కడి ఊళ్లవారు గర్భిణీ స్త్రీలను ఎన్నో ఏళ్లుగా డోలీ కట్టి మోస్తున్నారు. వారికి ఆ పని తెలుసు, సాయం అడగండి.

రక్తహీనత గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఆడవారు ఆయాసాన్ని వయసు మీదకో, లావు మీదకో నెట్టేస్తారు. పిల్లలతో కలిసి కొండకు వెళ్లి, నాలుగు అడుగులకు ఒకసారి కూర్చుని, "నాకు అలవాటు లేదమ్మా" అని నవ్వేస్తారు. అటువంటివారిలో కొందరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు, ఎనిమిది గ్రాములే ఉంటుంది. ఉండవలసినది పన్నెండు. కొండకు వెళ్లేముందే ఒకసారి చూపించుకోండి, ఖర్చు ఎక్కువ కాదు.

షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఎక్కడం ప్రమాదం. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. ఆ రోజు మాత్ర, ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అన్నది ముందుగానే మీ డాక్టరుగారిని అడగండి. బి.పి. మాత్ర మాత్రం ప్రయాణం పేరు చెప్పి మానవద్దు.

దిగడం తేలిక అనుకుంటారు. మోకాళ్లకు అసలు పని అప్పుడే. మంచుకు తడిసిన మట్టి జారుతుంది. ఒక కర్ర పట్టుకుని, చిన్న అడుగులతో, ఒక పక్కగా దిగండి. చెప్పులతో వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

రాత్రి అక్కడే గుడారం వేసుకునేవారు దోమలను మరచిపోకూడదు. మన్యం ప్రాంతంలో మలేరియా ఉంది. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. నిండా చేతులున్న బట్టలు, దోమతెర అవసరం. గడ్డిలో, పొదల్లో ఉండే సన్నని నల్లి వంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. చంకలోనో, గజ్జలోనో కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు కడుతుంది. అది అందరిలో కనిపించదు గాని, కనిపిస్తే డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడవద్దు.

ఈ జ్వరాలు వెళ్లివచ్చిన మర్నాడే రావు. వారానికో, రెండు వారాలకో, ఒక్కోసారి నెలకో వస్తాయి. ఒక రకం మలేరియా నెలల తరువాత కూడా బయటపడుతుంది. అప్పటికి మీరు కొండ సంగతే మరచిపోయి ఉంటారు. మూడు రోజులు పారాసిటమాల్ వేసుకుని చూద్దామనుకోకండి. చలిజ్వరం వచ్చిన రోజే రక్తపరీక్షకు రండి. ఓ.పి. చీటీ రాసే అమ్మాయితోనే "నేను పాడేరు వైపు వెళ్లివచ్చాను" అని చెప్పండి. ఆమె అడగకపోయినా చెప్పండి.