టప్‌మనే జాలీ

"అయ్యా, ఇది మోగుతలేదు" అంటూ గుమ్మంలోంచే బ్యాటు చాపింది అవ్వ.

చూస్తే జాలీ వంగలేదు, ఎర్ర లైటు వెలుగుతోంది. దోమలు చస్తున్నాయా అంటే చస్తూనే ఉన్నాయట. మరి బాధేంటి?

"టప్‌మనకపోతే చచ్చిందని ఎట్ల తెలుస్తది?"

ములకలపల్లిలో ఈ రిపేరు బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు కావస్తోంది. రేడియోలతో మొదలైంది. టీవీలు వచ్చాయి, పోయాయి. సెల్‌ఫోన్లు నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు వానలు మొదలైన దగ్గర్నుంచి చలి ముదిరేదాకా నాకు అన్నం పెట్టేవి దోమల బ్యాట్లే. నిజం చెప్పాలంటే చాలామంది వీటిని కొనేది పిడికున్న టార్చిలైటు కోసం. రాత్రి మంచె మీద కాపలాకు పోయే మనిషికి వెలుతురూ, దోమల పీడకు మందూ ఒక్క పిడిలోనే దొరుకుతాయి.

విప్పితే లోపల పెద్ద సరంజామా ఏమీ ఉండదు. నాలుగు వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక ట్రాన్సిస్టర్, చింతగింజంత ట్రాన్స్‌ఫార్మర్, నాలుగైదు డయోడ్లు, కండెన్సర్లు. బ్యాటరీ కరెంటు మార్పు లేకుండా ఒకే తీరుగా పోతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికిరాదు. అందుకని ట్రాన్సిస్టర్ దాన్ని సెకనుకు వేలసార్లు తెంచి, అతికిస్తుంది. మీట నొక్కితే సన్నగా "కుయ్‌" మంటుందే, ఆ చప్పుడు అక్కడిదే. ట్రాన్స్‌ఫార్మర్ ఆ నాలుగింటిని వందలు చేస్తుంది. డయోడ్లూ కండెన్సర్లూ కలిసి, మెట్టు మీద మెట్టు ఎక్కించి, వెయ్యి రెండు వేల వోల్టులకు చేరుస్తాయి. అదంతా చివరి కండెన్సర్లో నిండి, జాలీ మీద కాచుకుని కూర్చుంటుంది.

రెండు వేల వోల్టులు కూడా గాలిలో అర మిల్లీమీటరుకు మించి దూకలేవు. జాలీ పొరల మధ్య ఎడం అంతకన్నా చాలా ఎక్కువ. దోమ ఆ మధ్యకు దూరినప్పుడు దాని ఒళ్లే వంతెన అవుతుంది. నిండిన కండెన్సరు ఒక్కసారిగా దాని మీదుగా ఖాళీ అవుతుంది. టప్.

ఈ బ్యాట్లు మా దాకా రాకముందే నేనొకటి చేశాను. తైవాన్ మనిషి ఒకాయన ఇలాంటి బ్యాటుకు 1996లోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడని నాకప్పుడు తెలియదు. ఫొటో స్టూడియో మిత్రుడు మూలన పడేసిన రీలు కెమెరా ఇచ్చాడు. దాని ఫ్లాష్ సర్క్యూట్ కూడా అదే "కుయ్‌" రాగం తీస్తుంది. వెదురు బద్దలు వంచి చట్రం కట్టాను. దానికి రాగి తీగలు వరుసగా లాగి ఒకటి విడిచి ఒకటి రెండు గుంపులు చేశాను. ఫ్లాష్‌లోని పెద్ద కండెన్సరును అలాగే తీగలకు కలిపాను.

అది 330 వోల్టుల సరుకు. అంత తక్కువలో నిప్పురవ్వ గాలిలో దూకనే దూకదు. దోమలు నా తీగల మీద హాయిగా వాలి, కాళ్లు సర్దుకుని, లేచిపోయేవి. ఏదైనా దురదృష్టవంతురాలు రెండు తీగల్నీ ఒకేసారి తాకితే మాత్రం దీపావళి టపాకాయలా పేలి, తీగ కూడా నల్లబడేది. ఒకరోజు స్విచ్ ఆపేసి, తీరిగ్గా తీగ సరిచేయబోయాను. చెయ్యి దానంతటదే వెనక్కి లేచి మోచెయ్యి గోడకు కొట్టుకుంది. స్విచ్ ఆపితే కండెన్సరు ఖాళీ కాదన్న సంగతి నాకు తెలియక కాదు. తెలిసినవాడికే పొగరు కదా.

ఆ మధ్యాహ్నమే కాగితం మీద లెక్క వేశాను. 120 మైక్రోఫారడ్లు, 330 వోల్టులు అంటే ఆరున్నర జౌళ్లు. తర్వాతి కాలంలో బజారు బ్యాటు విప్పితే 0.022 మైక్రోఫారడ్ల కండెన్సరు కనిపించింది. రెండు వేల వోల్టులు పెట్టినా 0.044 జౌళ్లే. నా వెదురు బ్యాటులో ఉన్నది దానికి సుమారు నూటయాభై రెట్లు! అడిగినవాళ్లకు ఇలా చెబుతాను: వోల్టేజీ అంటే ఎత్తు. తాటిచెట్టు మీంచి ఒక నీటిచుక్క నెత్తిన పడితే ఉలిక్కిపడతాం, అంతే. మోకాలెత్తున పారే వాగు మనిషిని ఈడ్చుకుపోతుంది.

పెద్ద కండెన్సరు పీకేసి చిన్నవి పెట్టి, డయోడ్ల మెట్లు కట్టాక వెదురు బ్యాటు టప్‌మంది. పది రోజులు మోగింది. ముసురు పట్టగానే మూగబోయింది. వెదురు తేమ తాగింది, ఆ తేమలోంచి కరెంటు సన్నసన్నగా కారిపోతోంది. పగిలిన బకెట్ మూత ముక్కలు కోసి తీగల కింద పెడితే మళ్లీ మాట వచ్చింది.

ఇదంతా విన్న ఒకాయన ఓ రోజు వచ్చి, కిటికీ అంతటికీ జాలీ కొట్టి ఇంటి కరెంటు నేరుగా ఇచ్చేయమన్నాడు. "230 వోల్టులే కదన్నా, నీ బ్యాటుకన్నా తక్కువేగా" అన్నాడు. ఎత్తు తక్కువే, కానీ దాని వెనక ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఉంది. అది వాగు. అడవి పందులకని చేలచుట్టూ దొంగతీగ లాగితే మనుషులే పడిపోయిన వార్తలు మన అటవీ పల్లెల నుంచి ఎన్ని రాలేదు? టీ తాగించి పంపించాను. బజారు బ్యాటు కూడా ప్లగ్గులో ఉన్నంతసేపు ఆ వాగుకు కట్టిన పడవే. చాలావాటిలో చార్జింగుకు ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కండెన్సరు అడ్డం పెట్టి 230నే నేరుగా బోర్డుకు ఇస్తారు. అందుకే చార్జింగులో ఉండగా మీట నొక్కొద్దంటాను. దోమల స్ప్రే కొట్టిన గదిలో వెంటనే బ్యాటు ఊపొద్దని కూడా చెబుతాను. ఆ స్ప్రే అంటుకుంటుంది.

ఇక దోమల సంగతి. మలేరియా క్రిమిని దోమ పొట్టలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లో. హుసేన్ ఖాన్ అనే రోగికి, దోమలతో కుట్టించుకున్నందుకు కాటుకు ఒక అణా ఇచ్చాడట. ఆ మలేరియా దోమ అనాఫిలిస్ ఎక్కువగా కుట్టేది మనం ఒళ్లెరగకుండా నిద్రపోయే వేళ. నిద్రలో బ్యాటు ఊపేవాడెవడు? మందు దట్టించిన దోమతెరను ఏజెన్సీ పల్లెల్లో పంచేది అందుకే. కొందరు దాన్ని కోళ్ల గూటికి కప్పుతారు, చేపలకు వేస్తారు, అది వేరే కథ. డెంగీ దోమ పగటిది. కడగని కూలర్లో, పాత టైర్లో నిలిచిన మంచినీళ్లు దానికి చాలు. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ రెక్క విప్పుతుంది. బ్యాటుతో పది చంపేలోగా ఆ నీళ్లలో వంద లేస్తాయి.

అవ్వ బ్యాటు విప్పాను. చివరి కండెన్సరు ఉబ్బి, సరుకు పట్టడం మానేసింది. అందుకే దోమ చచ్చినా చప్పుడు లేదు. చప్పుడంటే నిలవున్న కరెంటే మరి. కొత్తది అతికాను.

"ఇంకింత గట్టిగ మోగేటట్టు పెద్దది పెట్టరాదయ్యా?"

"అది పెడితే దోమతోపాటు నీ చెయ్యి కూడ మోగుతదవ్వా" అని నా మోచెయ్యి చూపించాను. నీళ్లు నిలవుంచొద్దని, కూలర్లు వారానికోసారి వంచి ఆరబెట్టాలని పనిలో పనిగా ఆమెకు కాస్త పాఠం కూడా చెప్పాను.

నలభై రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, పని చేస్తుందో లేదో చూడాలని మీట నొక్కి బల్ల కింద ఓ ఊపు ఊపింది. అక్కడ, ఎండాకాలంలో రిపేరుకొచ్చి ఎవరూ తీసుకుపోని కూలర్ తొట్టి ఉంది. పైకప్పు కారి అందులో జానెడు నీళ్లు నిలిచాయి.

టప్. టప్. టప్‌టప్.

అవ్వ వంగి తొట్టిలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఏందయ్యా, ఈడనే పెంచుతున్నవా?"